ఏకు

ఈ ఊరి పేరు వూచ్. అంటే పడవ.
నది మాత్రం కనబడదు.
ఉన్న వాగుల్ని మిల్లుల కిందికి, వీధుల కిందికి తోసేశారట.
"పడవ మిగిలింది, నీళ్ళు పోయాయి" అంది బొగుమీవా
నేను అద్దెకు దిగిన రోజు,
మెట్ల మీద నా చేపల తొట్టిని అనుమానంగా చూస్తూ.
నేను సముద్రపు ఒడ్డు వాణ్ణి. నీళ్ళు వెంట తెచ్చుకున్నాను.

ఆమె మొగుడు గెర్వాజి
ముప్పై ఏళ్ళు ట్రామ్ నడిపాడు, యాభై ఏళ్ళు పొగ తాగాడు.
పదమూడో ఏట ఏకై వచ్చిన సిగరెట్టు
ఎడమ ఊపిరితిత్తిలో మేకై దిగింది.
డాక్టరు ఫిల్ము చూపించాక
అల్లుడు ఈ-సిగరెట్ కొనిచ్చాడు.
కొసన నీలం దీపం, మూతి దగ్గర చిన్న కార్ట్రిడ్జ్,
అందులో రసం తాగి కూర్చున్న చిటికెడు పీచు.
నాలుగు రోజులకి ఆ పీచు మాడుతుంది.
కొత్తవి ఐదు కొంటే పింఛనుకి చిల్లు.

బొగుమీవా తలపిన్నుతో లాగింది దాన్ని.
చెవి గుబిలిలా ఊడి వచ్చింది.
కిటికీ దగ్గర వేళ్ళ మధ్య నలిపి చూసి
"పాలియెస్టర్. మూడో రకం.
మా మిల్లులో దీంతో యంత్రాలు కూడా తుడిచేవాళ్ళం కాదు" అంది.
ఇరవై ఆరేళ్ళు నూలు వడికిన మనిషి,
తననే ఎవరో తిట్టినట్టు చూసింది.

మొదట మందుల షాపు దూది పెట్టింది.
అది రసమంతా తాగేసి చుక్క వదల్లేదు, పిసినారిది.
పాత స్వెట్టర్ ఉన్ని పెట్టింది.
తడిసిన గొర్రెని ముద్దు పెట్టుకున్నట్టుందన్నాడు గెర్వాజి.
టీ సంచుల్ని ఉడకబెట్టి, ఆరబెట్టి, చుట్టి పెట్టింది.
రెండు రోజులు బాగుంది,
మూడో రోజు గురగురమని రసం నోట్లోకి కారింది.

అప్పుడు నా తలుపు కొట్టింది.
"నీ చేపలు గాలించుకునే ఆ తెల్ల పీచు, కొత్తది, ఇంత ఇవ్వు."
మరగబెట్టింది. రేడియేటర్ మీద ఆరేసింది.
కనుబొమల దువ్వెనతో దువ్వి
పోగులన్నీ ఒకే వైపు తల తిప్పేదాకా ఊరుకోలేదు.
అరచేతుల మధ్య ఒక్కసారి దొర్లించింది.
ఏకు.
బియ్యపుగింజ కంటే కొంచెం పెద్దది.
ఎంత గట్టిగా కూరాలి అని అడిగితే
"నన్నడక్కు, వీటినడుగు" అని వేళ్ళు చూపించింది.

గెర్వాజి పీల్చి, కళ్ళు మూసుకుని, "ఊఁ" అన్నాడు.
ఆ శీతాకాలం మా మెట్లన్నీ ఆమె దగ్గరికే ఎక్కాయి.
రెండో అంతస్తు కసాయి భార్య లుద్‌మీవా,
కింద తాళాలు బాగుచేసే ముసలి ఒనూఫ్రి,
చేతుల్లో మాడిన కార్ట్రిడ్జ్‌లు, బదులుగా గుడ్లు, ఊరగాయ దోసకాయలు.
డబ్బిస్తే కోపం.

మార్చిలో ట్రామ్ స్టాపు దగ్గర
గెర్వాజి నా చెయ్యి పట్టుకున్నాడు.
"జనవరి నుంచి పీల్చడం లేదు.
రెండు రోజులు జేబులో తిప్పి, మాడిపోయిందని ఇస్తున్నాను.
మిల్లు మూశాక ఇరవై ఏళ్ళుగా
నిద్రలో దుప్పటి మీద తెగిన పోగులు అతుకుతూ ఉండేది.
ఇప్పుడు చేతులు కదలకుండా పడుకుంటోంది.
నోరు జారకు."

ఆ సాయంత్రం వాళ్ళ వంటింట్లో ఉన్నాను.
ఆయన కార్ట్రిడ్జ్ తీసుకుని పిన్నుతో లాగింది.
పాలలా తెల్లగా వచ్చింది ఏకు. మసి మరక లేదు.
నూలు చూసిన కళ్ళు. ఒక్క క్షణం ఆగాయి.
"పాపం, పూర్తిగా మాడిపోయింది" అంది నాతో.

బల్ల సొరుగు లాగి బిస్కెట్ డబ్బా తెరిచింది.
దాన్నిండా అలాంటివే, తెల్లగా, వరసగా.
కొత్తదాన్నీ పక్కన పడుకోబెట్టి మూత పెట్టింది.
పక్కగదిలో గెర్వాజి అవసరం లేని దగ్గు దగ్గాడు.

"నీ దగ్గర పీచు ఇంకా ఉందా?"

ఉన్నది ఒక్కటే ముక్క.
చేపలు మసక నీళ్ళలో తిరుగుతున్నాయి.
సగం కత్తిరించి పట్టుకెళ్ళాను.