మూడో తీగ

గుణుపురం బస్టాండు వెనక సందులో
ప్రమోదిని మావుసి వంటింటి గోడ
నా ఉలికి ముందు సున్నం రాల్చింది,
తర్వాత ఎర్రమట్టి,
ఆ తర్వాత తుప్పుపట్టిన మేకొకటి.

కొత్త పొయ్యి ఇంకా అట్టపెట్టెలోనే ఉంది.
రెండు పళ్లేలది, రెండువేల ఎనిమిదొందల వాట్లు.
గ్యాసుబండలు నెలకి మూడు చాలడం లేదట,
ఆరున్నర రాయగడ బస్సు కదిలేలోపు
ఎనభై ప్లేట్ల బరా-గుగునీ దింపాలట.

"పాత ప్లగ్గుకే తగిలించీలేవా?" అంది.
చూపించాను:
జర్దా నమిలిన నోరులా
నల్లబడ్డ రెండు కన్నాలు.
వెనక తీగని వేలితో తాకితే
తొడుగు పొడిపొడిగా రాలింది.

మీటరు దగ్గర్నుంచి విడిగా లాగాలి మావుసీ.
నాలుగు స్క్వేరు రాగి వైరు,
ఇరవై ఆంపియర్ల ఎంసీబీ ఒకటి.
ఫ్యానూ బల్బూ టీవీ
ఏదీ దీని జోలికి రాకూడదు.
"ఒక్క పొయ్యికి ఒక దారా!
నాకెవరేనా ఇంత దారి ఏసేరా?"
నవ్వింది. బేరం తెలుగులో ఆడింది,
నిట్టూర్పు ఒడియాలో విడిచింది.

చెక్కబద్దీ ఊడదీశాను.
లోపల రెండే తీగలు, ఎర్రదీ నల్లదీ.
కొసన మెలి చూసి నా చెయ్యి ఆగిపోయింది.
మూడు చుట్లు, ఎడమకి తిప్పి.

ఎడంచేతివాణ్ణి నేను.
ఈ ఊళ్లో అలా మెలేసేవాడు ఇంకొకడు లేడు.

దండాసి మేస్త్రీ నిచ్చెన పట్టుకోడం మానిపించి
నా చేతికి కటింగ్ ప్లేయరిచ్చిన వేసవి అది.
ముప్పై ఒక్క ఏళ్లయింది.
ఈవిడ మొగుడు సామాన్ల చీటీ చూసి
"ఈ పచ్చ తీగెందుకు?" అనడిగాడు.
దాంట్లో కరెంటుండదు బాబూ, దండగ, అన్నాను.
నలభై రూపాయలు మిగిలాయి ఆయనకి.

అబద్ధమూ కాదు.
పచ్చ తీగలో ఏమీ ఉండదు,
దారి తప్పిందొకటి వచ్చేరోజు దాకా.

పప్పు రుబ్బుతూనే చెప్పింది మావుసి,
నన్నని కాదు, ఊరికే:
"ఆ పాత హీటరు ముట్టుకుంటే
మోచేతి దాకా జివ్వుమనేది.
నరాల జబ్బనుకున్నాను.
బరంపురం డాక్టరు బిళ్లలు రాసేడు.
ఏటీ తగ్గలేదు.
ఓరోజు పీటెక్కి నిలబడితే తగ్గిపోనాది."

చూశాను ఆ పీట.
మద్దిచెక్క.
రెండు మడమల దగ్గరా
గుంటలు పడేంత అరిగింది.

ఆ మధ్యాహ్నం అన్నానికి ఇంటికెళ్లలేదు.
పెరట్లో అంట్లు తోమిన నీళ్లు పారేచోట
గొయ్యి తీశాను. నడుం లోతు. ఇంకా దిగి, ఛాతీ లోతు.
ఇనప గొట్టం నిలబెట్టి
బొగ్గు ఒక పొర, గళ్లుప్పు ఒక పొర,
మళ్లీ బొగ్గు, మళ్లీ ఉప్పు.
"ఊరగాయేటి, పెడతన్నావా?" అంది గుమ్మంలోంచి.
ఎనిమిది బిందెల నీళ్లు తాగింది నేల.
పచ్చ తీగ చివర బోల్టు బిగిస్తుంటే
చెమటో ఏమో, కళ్లు మండాయి.

బిల్లులో వైరు రాశాను, ఎంసీబీ రాశాను,
గొయ్యి రాయలేదు.
ఎందుకని అడిగితే చెప్పేద్దామనే ఉంది.
అడగలేదు.

దీపాలవేళ మీట పైకెత్తాను.
పొయ్యి ఒంటికి టెస్టరు ఆనించాను,
వెలగలేదు.
ఎడంచెయ్యి వెనక్కి తిప్పి ఆనించాను.
ఏమీ లేదు.
ఇంకాసేపు అలాగే ఉంచాను.

నూనె కాగింది. మొదటి బరా
అంచు వెంట జారి, మునిగి, తేలింది.
చూపు మూకుడు మీదే ఉంచి
కాలితో తడిమి, పీట దగ్గరికి లాక్కుని
ఎక్కి నిలబడింది మావుసి.

"ఇంక పీటక్కర్లేదు," అన్నాను.
"హౌ," అంది.
దిగలేదు.