జీడి అంటని చెయ్యి

నలభై మూడో రోజు.
కేలెండరు మీద కాదు,
ఆటో డాష్‌బోర్డు లోపలి రేకు మీద
మేకుతో గీతలు గీసుకుంటూ వచ్చాను.
కిరాయిల లెక్కనుకుంది మా అమ్మ.

ఆ రాత్రి కండోమ్ వాడాను.
చిరగలేదు, జారలేదు.
తర్వాత లైటు వేసి మరీ చూశాను,
సైకిలు ట్యూబుని బకెట్టు నీళ్లలో ముంచి
బుడగ కోసం కాచుకున్నట్టు.
బుడగ రాలేదు.
అయినా నాలో గాలి దిగిపోతూనే ఉంది.

జలుబు చేసింది. అది జలుబు కాదనుకున్నాను.
బట్టీల పొగకి గొంతు మండింది.
కాశీబుగ్గలో అందరికీ మండుతుంది,
నాకొక్కడికే దానికి వేరే పేరుంది.
మెడ కింద బిళ్లలున్నాయేమోనని
తడిమి తడిమి అక్కడ నిజంగానే వాచింది.
రాత్రి రెండింటికి
ఫోను ఏ రోగాన్నయినా ఒప్పించేస్తుంది.

మా అమ్మ జీడి పిక్కలు కొట్టే మనిషి.
పీట మీద కూర్చోగానే ముందు చేతులకి నూనె, ఆపైన బూడిద.
"నూనె రాసిన సేతికి జీడి అంటదురా."
అయినా సాయంత్రం దీపం దగ్గర
వేళ్లు తిప్పి తిప్పి చూసుకుంటుంది.
మరెందుకే అంటే
"సూసుకుంటే తప్పేటి?"
ఆ మాటే నన్ను బస్సెక్కించింది.

పలాసలో కాదు.
పలాసలో నా ఆటో దగ్గు కూడా గుర్తుపడతారు.
టెక్కలి.
ఎండ లేని రోజున మొహానికి తువ్వాలు.
పద్నాలుగో గది బయట బల్ల మీద ముగ్గురం,
ముగ్గురమూ గోడ మీది క్షయ పోస్టరుని
పరీక్షకి చదువుతున్నట్టు చదివాం.

లోపల సత్యవేణి మేడమ్ పేరడిగింది.
కూర్మారావుని కాస్తా రాజేష్ అన్నాను.
రాసుకుంది.
"ఈ గదిలో రాజేష్‌లు ఎక్కువ బాబూ" అంది, నవ్వకుండా.

ఎప్పుడు? ఎన్నిసార్లు?
మొదటి నుంచి చివరిదాకా ఉందా?
ఉల్లిపాయల ధర అడిగినట్టు అడిగింది.
నేను ప్రతి జవాబుకీ ముందు తలుపు వైపు చూశాను.

"అలాగైతే ప్రమాదం చాలా తక్కువ.
సున్నా అని నేననను.
ఇవాళ చూద్దాం, మూడు నెలలు నిండాక మరొక్కసారి.
ఆ తర్వాత ఈ బరువు దించెయ్."
పెన్ను మూత పెడుతూ, ఊరికే అడిగినట్టు:
"ఆ అమ్మాయి చేయించుకుందా?"

నలభై మూడు గీతలు.
ఒక్కటీ ఆమెది కాదు.

ఇచ్ఛాపురం గది, కిటికీకి కట్టిన పాత చీర.
కండోమ్ నా చేతిలో పెట్టింది ఆమే.
"ఇది నేకపోతే నాను రాను" అంది.
నన్ను కాసిన చేతినే
ఇన్నాళ్లూ అనుమానించాను.
ఆమే ఎక్కడో గోడ మీద గీతలు గీసుకుంటూ ఉంటే
అందులో భయం పేరు నేనేమో.

రక్తం తీశారు. సీసా మీద పేరు లేదు, అంకె.
అరగంట ఆగమన్నారు.

ఆ అరగంటలో పక్క గదిలోంచి
మా వీధి దర్జీ దాలయ్య వచ్చాడు,
చేతిలో మందుల సంచి,
నెల సరుకు తెచ్చుకున్నంత మామూలుగా.
నా బడి నిక్కర్ల నుంచి మొన్నటి చొక్కాదాకా
ఆయన కుట్టినవే.
తువ్వాలు ఎవడిక్కావాలి,
భుజాలు చూసి పోల్చేశాడు.
"ఏట్రా, సొక్కా వొదులైపోనాది.
తిండి తింతన్నావా?"
అంతే. వెళ్లిపోయాడు.
ఎన్నేళ్లుగానో. ఊళ్లో సగం పెళ్లిబట్టలు ఆ చేతులవే.
నాకు తెలీదు.
ఆయన చెప్పలేదో,
చెప్పుకోదగ్గ మొహం నాది కాదో.

"లేదు" అంది సత్యవేణి మేడమ్.
ఎగిరి గంతేస్తాననుకున్నాను.
కాళ్లు మాత్రం తిమ్మిరెక్కి ఉన్నాయి.

రెండో పరీక్షకి తారీఖు వేస్తుంటే
పేరు మార్చమన్నాను.
రాజేష్ మీద ఒక అడ్డగీత కొట్టింది.

బస్టాండులో, పేరు లేకుండా దాచుకున్న
ఇచ్ఛాపురం నంబరుకి ఫోన్ చేశాను.
మోగింది, చాలాసేపు.
ఎత్తలేదు.
పలాస బస్సు వచ్చింది. ఎక్కలేదు.
మళ్లీ చేశాను.