ఉన్నట్టే లెక్క

మంగళవారం మధ్యాహ్నాలు లైబ్రరీలో
పిల్లల పుస్తకాల పక్కన, పొట్టి బల్ల దగ్గర
ముసలివాళ్ళకి ఫారాలు నింపిపెట్టడం నా పని.
జీతం లేదు. హీటర్ ఉంది.

నెస్టా ప్యూ తడిసిన కోటుతో వచ్చింది.
మా బ్లైనైలో కోటు తడవని రోజుని
పండగ కింద జమకడతాం.
బిస్కెట్ల డబ్బా బల్ల మీద పెట్టి మూత తీసింది:
గ్యాసు బిల్లులు, బ్యాంకు కాగితాలు,
అడుగున ఇద్వాల్ జీతం చీటీలు,
ఎవరూ అడగనివి.

"అడుక్కోడానికి రాలేదు" అంది ముందుగా.
అందరూ ముందు అదే అంటారు.
"ఫారమే కదా" అన్నాను.
నేనూ ఎప్పుడూ అదే అంటాను.

ఆమె చెప్పిన ఏ జవాబూ గడిలో పట్టలేదు.
పొదుపు ఎంత అంటే
మెట్ల మీద దీపం ఆర్పేస్తానంది.
ఖర్చు ఎంత అంటే
ఒక్క కుండెడు సూపుని గురువారం దాకా
ఎలా లాక్కురావచ్చో చెప్పింది,
నాలుగింటికే పక్కెక్కితే
ఎంత గ్యాసు మిగులుతుందో చెప్పింది.
నేను అంకెలు మాత్రం ఏరుకున్నాను,
రాళ్ళు ఉంచుకుని
బియ్యం పారబోసినట్టు.

ఇద్వాల్ క్వారీలో పలకలు చీల్చేవాడు.
కొండ కడుపులోంచి వచ్చిన బండని ఉలితో తట్టి
పుస్తకంలా పేజీ పేజీ విప్పేవాడు.
ఇంటికప్పు పలకల కొలతలకి మా దగ్గర పేర్లున్నాయి:
పెద్దవి డచెస్‌లు, తర్వాత కౌంటెస్‌లు,
చిన్నవి లేడీలు.
"నలభై ఏళ్ళు దొరసానులతోనే కాపురం,
నా వంతుకి దగ్గొక్కటే తెచ్చేవాడు"
అని నవ్వింది నెస్టా.
ఆ నలభై ఏళ్ళకి క్వారీ చిన్న పెన్షన్ ఇచ్చింది.
అతను పోయాక ఆమెకి అందులో సగం.
వారానికి తొమ్మిది పౌన్లు.

లెక్క తేలింది.
గీతకి నాలుగు పౌన్ల పన్నెండు పెన్స్ పైన ఉంది.
గోరంత ఎక్కువైనందుకు
కొండంత పోయింది,
పై సాయం, ఇంటి పన్ను తగ్గింపు,
చలి ముదిరినప్పుడిచ్చే డబ్బు, కళ్ళద్దాలు.
ఈ ఊళ్ళో కొండంత అనే మాట ఊరికే వాడం.
కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది
తవ్విపోసిన ముక్కల గుట్ట,
ఇల్లెక్కిన ఒక్క పలకకి
ఇక్కడే మిగిలిపోయిన పది.

చాలాసేపు గ్లవ్ వేళ్ళు ఒక్కొక్కటే లాగుతూ కూచుంది.
"అయితే ఆ తొమ్మిది పౌన్లు వద్దని రాసిచ్చేస్తాను.
ఇద్వాల్ ఏమీ అనుకోడు."

రూలు నాకు కంఠతా వచ్చు,
నోటికి మాత్రం రాలేదు.
కావాలని వదులుకున్న రాబడి
ఉన్నట్టే లెక్క.

"చేతికి రాకపోయినా?"
"రాకపోయినా."
"లేకపోయినా ఉన్నట్టే" అనుకుంది మెల్లగా,
ఉప్పు సరిపోయిందో లేదో చూస్తున్నట్టు.

తర్వాత ఫారాన్ని తన వైపు తిప్పుకుని
రెండో పేజీకి వెళ్ళింది.
ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా?
నేను రాసిన 'లేరు' మీద వేలు ఆపింది.
"మరి ఇక్కడ ఇలా రాశావేం?
నేను వదులుకోలేదే."

వాన కాస్త తెరిపిచ్చాక వెళ్ళింది. బస్సు నాలుగుంబావుకి.
హీటర్ ఆపేముందు, ఎందుకో,
వాడేసిన కవరు వెనక మళ్ళీ లెక్క వేశాను.
ఇద్దరుండే ఇంటికి గీత కాస్త పైకి జరుగుతుంది.
ఇద్వాల్‌ని కలిపితే
నెస్టాకి వచ్చేది.

కవరుని ఏం చెయ్యాలో తోచలేదు.
బల్ల కింద జారిపడ్డ జీతం చీటీ ఒకటి దొరికింది,
అతని పేరు, పని గంటలు, కోతలు.
రెంటినీ కలిపి సొరుగులో పెట్టాను.
మంగళవారం దాకా.