నాలుగు వేళ్ళు పొట్టి

ఓడలో జనాన్ని లెక్కపెట్టడం నా ఉద్యోగం.
మునలాయిద్ రేవులో తాడు విప్పేముందు
తలలు లెక్కేసి, కాగితం మీద రాసి
కెప్టెన్ చేతికివ్వాలి.
పదకొండేళ్ళుగా అదే పని.

ఆ మంగళవారం
కార్లు ఆరు, ఎరువు బస్తాల ట్రాక్టరు ఒకటి,
నల్ల వ్యాను ఒకటి,
మనుషులు ముప్ఫై ఎనిమిది.
అర్వో కాగితం చూశాడు, నన్ను చూశాడు.
"ఇంకోసారి లెక్కపెట్టు, మారెట్" అన్నాడు మెల్లగా.
రెండోసారీ ముప్ఫై ఎనిమిదే వచ్చింది.
ఉన్నది ముప్ఫై ఏడుగురని ఇద్దరికీ తెలుసు.
కొట్టేయలేదతను. సంతకం పెట్టాడు.

హెల్మీ అమ్మమ్మ ఓడలో ఏనాడూ కూర్చోలేదు.
కూర్చున్నవాళ్ళంటే సముద్రానికి అలుసట.
కమ్మీ పట్టుకుని, గడ్డం పైకెత్తి,
కిహ్ను దీవి కనబడేదాకా నిలబడే వచ్చేది.
ఆ రోజే మొదటిసారి
పడుకుని దాటింది.

మా దీవిలో మగవాళ్ళు చేపల వెంట పోతే
మిగతా లోకమంతా ఆడవాళ్ళే నడపాలి.
అమ్మమ్మ నడిపింది ముఖ్యంగా ఒక మోటారుసైకిల్ని,
పక్కన తొట్టి ఉన్నదాన్ని.
బ్రేకులున్నాయో లేవో ఆ బండికే ఎరుక.
తొట్టిలో నేను, బంగాళాదుంపలు,
ఒకసారి కాళ్ళు కట్టేసిన రోసీ పిన్ని గొర్రె.
మా ఇద్దరిలో ఎవరు ఎక్కువ అరిచారన్నది
ఇప్పటికీ తేలని తగవు.
ఫిబ్రవరిలో, గడ్డకట్టిన సముద్రం నడిమధ్య
బండి ఆపి, మంచుకి చెవి ఆనించి,
"విన్నావా, కింద చేపలు
మనల్ని తిట్టిపోస్తున్నాయి" అనేది.
నాకు నిజంగానే వినిపించేది.

మా దగ్గర దుఃఖాన్ని నోటితో చెప్పుకోరు.
పావడా చెబుతుంది.
మనిషి పోయిన కొత్తలో చారలన్నీ నలుపు, నీలం.
కొన్నాళ్ళకి ఎక్కడో ఒక సన్నటి ఎర్ర పోగు.
తర్వాతి పావడాకి రెండు.
జ్వరం తగ్గినవాడికి ఆకలి వచ్చినట్టు
అలా అలా ఎరుపు తిరిగొస్తుంది.
తాతని నీళ్ళు మింగాక
అమ్మమ్మ నడుము కింద ఎరుపు రావడానికి
తొమ్మిదేళ్ళు పట్టింది.
ఊరంతా చూసింది. ఒక్కరూ అడగలేదు.

గొయ్యి తవ్వేవాళ్ళకి ఇవ్వాల్సిన చేతితొడుగులు
తానే అల్లి ఉంచుకుంది, పేరు పేరునా కాగితం గుచ్చి.
ఆ నలుగురిలో ఇద్దరు
ఆమెకన్నా తొందరపడ్డారు.
ఆ రెండు జతలూ పెట్టెలోనే ఉండిపోయాయి,
ఇంకా చెయ్యి చాపుతూ.

అదే పెట్టె అడుగున, ఎండిన జూనిపర్ రెబ్బల కింద
నా పేరుతో ఒక మూట.
నలుపు, నీలం, నలుపు.
తాను పోతే నేను కట్టుకోవాల్సిన పావడాని
తానే నేసి, మడతపెట్టి, ఏమీ ఎరగనట్టు
ఎన్నేళ్ళు నాకు చేప కూర వడ్డించిందో.

కట్టుకున్నాను.
నాలుగు వేళ్ళు పొట్టి.

రోసీ పిన్ని నోట్లో గుండుసూదులతో
నా కాళ్ళ దగ్గర మోకరిల్లి కొలిచింది.
"చివర్లో చూపు ఆనలేదులే పాపం" అంది.

చూపు కాదు పిన్నీ.
ఆ కొలత నాకు తెలుసు.
నా పద్నాలుగో ఏట, తలుపు వార నిలబెట్టి
జానలతో కొలిచి, "కదలకే మేకా" అని గదమాయించి
వేళ్ళ మీద గుర్తుపెట్టుకున్న కొలత.
ఆ తర్వాత నేను పెరిగిన సంగతి
ఆమెకి ఎవరూ చెప్పినట్టు లేరు.
నేనూ చెప్పలేదు.

పిన్ని నల్లగుడ్డ తెచ్చి అంచు వేస్తానంది.
వద్దన్నాను. మళ్ళీ తెచ్చింది. మళ్ళీ వద్దన్నాను.
ఓడెక్కిన యాత్రికుల్లో ఒకామె
ఇదిప్పటి ఫ్యాషనా అని అడిగింది.
అవునన్నాను.

ఈమధ్య నా లెక్క తప్పడం లేదు.
ఎక్కినవాళ్ళెందరో దిగినవాళ్ళూ అందరే.
డెక్కు మీద నిలబడే ఉంటాను.
అక్టోబరు గాలి వచ్చి
ఆ నాలుగు వేళ్ళ మేరా పట్టి కొరుకుతుంది.
మేజోళ్ళు వేసుకోవే, అని ఉండేది అమ్మమ్మ.

వేసుకోను.