కుక్క పేరు

శనివారం పదింటికి పదకొండు మంది వచ్చారు.
ఒహాయో వాన అప్పుడే వెలిసింది,
బూట్లకి బంకమన్ను, పార్కు వాళ్లిచ్చిన టోపీకి తడి వాసన.

ముందు దుంగ ఎత్తి చూపించాను:
నల్లటి ఒంటిమీద పసుపు చుక్కలు, సాలమాండర్.
ముట్టుకోకండి, దాని చర్మం కూడా ఊపిరి తీస్తుంది.
దుంగని ఉన్నది ఉన్నట్టు మళ్లీ దించడం
పిల్లల చేతే చేయిస్తాను.

తర్వాత కొలిమి.
ఇక్కడ ఇనుము కరిగినన్నాళ్లూ
రాత్రిళ్లు ఆకాశం ఎర్రగా ఉండేదట.
చుట్టూ నలభై ఇళ్లు. ఇప్పుడు మేపుల్ చెట్లు.
ఇల్లెక్కడో డాఫడిల్ పూలు చెబుతాయి,
అడవిలో ఏ పువ్వూ బారులు తీరి పూయదు.
ఎవరో ఒకావిడ గడపకి అటూ ఇటూ దుంపలు పాతింది.
గడప పోయింది. బారు ఉంది.

పందొమ్మిదేళ్లుగా ఇవే మాటలు,
నా నోట్లో గులకరాళ్లలా నున్నబడ్డాయి.

వారం విడిచి వారం నాన్న దగ్గరుండే మేబెల్,
ఆరేళ్లది, ముందు పళ్లు లేవు,
పూల మధ్య నిలబడి లేని తలుపు తట్టి అడిగింది:
మిస్ వర్లీన్, వాళ్ల కుక్క పేరేంటి?

కూలి రేట్లు తెలుసు నాకు,
కంపెనీ కొట్లో పిండి ధర,
టైఫాయిడ్ వచ్చిన ఏడు.
కుక్క ఏ పద్దులోనూ లేదు.
తెలీదమ్మా, అన్నాను.
కానీ ఉండేదిగా?
ఉండే ఉంటుంది, అన్నాడు వాళ్ల నాన్న
నాకంటే ముందే.

మరుసటి శనివారం అదే చోట
కొత్త గుంపుకి పూల బారు చూపిస్తూ
మాట మధ్యలో ఆగిపోయాను.
గడపలో ఏదో పడుకుని ఉన్నట్టు
కాస్త పక్కకి జరిగి నడిచాను.