కుడికాలు

త్బిలిసీలో మా తొమ్మిదంతస్తుల మేడకి
ఒక్కటే లిఫ్టు. నాణెం వేస్తేగాని కదలదు.
దాని బాగోగులు నావి.

డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి
నాలుగుకీ అయిదుకీ మధ్య ఆగింది.
లోపల లమారా గారి మేనల్లుడు,
చేతిలో తేనెపాకం పట్టిన అక్రోటు ముక్కల పళ్ళెం.
కొత్తేట ఆమె గడప తొక్కాల్సిన తొలిమనిషి.

పన్నెండయింది. ఊరంతా టపాకాయలు.
ఆమె తలుపు తీసుకుని నిలబడింది, వెనక
కొమ్మని చెక్కి తీసిన తెల్లగడ్డంలాంటి పండగచెట్టు.
"పోయినేడు పిల్లి ముందు దూరింది, అంజోర్.
ఏడాదెలా గడిచిందో చూశావుగా."

రెండో అంతస్తు యజీదీలు
మూణ్ణాళ్ళ ఉపవాసం ఎప్పుడో ముగించి
మెట్లవెంట అందరికీ రొట్టెలు పంచేశారు.
ఏడో అంతస్తు ఆర్మేనియన్లకి ఆరో తేదీన
చేప, కిస్‌మిస్ అన్నం. మా అమ్మకి ఏడున.
పాత లెక్క వదలని తాతలకి
పద్నాలుగున మళ్ళీ కొత్తేడు.
ఈ మేడలో దేవుడు నెలంతా మెట్లెక్కుతూనే ఉంటాడు,
లిఫ్టుని నమ్ముకోడు.

నేను దేవుణ్ణీ నమ్ముకోను.
చేతులకి గ్రీజు, బూట్లకి తుప్పు.
అయినా అడిగాను, ఏ కాలని.
"కుడి."

పెట్టాను.
నా నోట్లో ఓ అక్రోటు పెట్టింది, పోయినేటిది, గట్టిది.
కింద చీకట్లోంచి మేనల్లుడు
నన్నూ లిఫ్టునీ కలిపి తిడుతున్నాడు.

మార్చిలో ఆమెకి పన్ను విరిగింది.
మెట్లమీద ఎదురైతే
నా ముఖంకేసి చూళ్ళేదు,
బూట్లకేసి చూసింది.