పక్కగీత

వారమంతా పట్టాల మీద ఎర్రగుడ్డ, పచ్చగుడ్డ.
ఆదివారం పలాస రైల్వే గ్రౌండులో
పక్కగీత వెంట పసుపుగుడ్డ.
ఎవరో ఒకరికి దిక్కు చూపించడమే నా బతుకు.

ఆ రోజు చంద్రగిరి కుర్రాళ్ళొచ్చారు
కొండ దిగి, మందస మీదుగా, క్యాబేజీల వ్యానులో.
స్వెట్టర్లమ్మే టిబెట్టోళ్ళ పిల్లలు.
వాళ్ళ అమ్మల్ని మేం చలికాలంలోనే చూస్తాం,
బేరమాడేటప్పుడే.

గోలు వెనక జీడిబట్టీ ఆడపిల్లలు
నాలుగు పిక్కల గోనెలు విప్పి కుట్టి
మసి కలిపిన జీడినూనెతో రాసి కట్టారు:
‘కాందిశీకులు మావాళ్ళే’.
రాసింది రంగమోళ్ళ వీధి హైమ.
ఆ పిల్ల వేళ్ళ నలుపు ఏ సబ్బుకీ లొంగదు.
అక్షరాలూ అంతే.

కమిటీ పెసిడెంటు దాలినాయుడు చెయ్యూపి పిలిచాడు.
“ఆటకాడ ఇయన్నీ ఏటి? ఇప్పించీ.
ఇయాల మావోళ్ళే అంతారు, బాగుంది.
రేపెవుడో పొండిరా అని రాసి కడతాడు.
అప్పుడేటి సేత్తావ్?”
చెడ్డమనిషి అందామంటే నోరు రాదు.
తిత్లీకి ఇంటి కప్పులెగిరిపోయినప్పుడు
పదకొండు రోజులు వీధికంతా గంజి కాసిన చెయ్యి అది.
పైగా ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.
ఇప్పటికీ లేదు.

మా నాయనమ్మ కన్నెమ్మ రంగం నుంచి నడిచొచ్చింది.
కడుపులో మా అయ్య, నెత్తి మీద ఇత్తడి బిందె.
అడవిలో ఎక్కడో బిందె పారేసింది.
చచ్చేదాకా ఆ బిందె గురించే చెప్పింది,
దారిలో పోయిన మనుషుల గురించి ఒక్క ముక్క చెప్పలేదు.
వీధి ఆమెను రంగం మనిషి అనే పిలిచింది.
ప్రేమగానే.
నలభై ఏళ్ళు.

హైస్కూల్లో తెలుగు మాస్టారన్నారు:
కాందిశీకుడంటే పేరు కాదురా, ప్రశ్న.
ఏ దిక్కుకి పోను, ఏ దిక్కుకి పోను
అని అడుగుతూ పరిగెత్తేవాడు.
వెనక బెంచీలో నేను నవ్వాను.
ఆ నవ్వు ఇంకా ఎక్కడో గుచ్చుకుంటుంది.

సగం ఆటకి ముడి విప్పడానికి వెళ్ళాను.
వాళ్ళ గోల్‌కీపరు పెంపా అక్కడే నీళ్ళు తాగుతున్నాడు.
ఏం రాసుందని ఒడియాలో అడిగాడు.
నా ఒడియా ఇచ్ఛాపురం దాటదు.
పారిపోయొచ్చినోళ్ళు మా మనుషులే, అని
ఎలాగో కూడబలుక్కుని చెప్పాను.

నవ్వాడు.
“నేను పుట్టింది బరంపురం ఆస్పత్రిలో.
పారిపోయింది మా తాత.
ఆయనకి బంతాట రాదు.”

అయితే తీసేస్తానన్నాను.
“వద్దు వద్దు. వల చిరిగింది చూడండి.
ఈ గోనెలు లేకపోతే బంతి కాలవలో పడుతుంది.”
కాసేపాగి,
“నా పేరు కూడా రాయమనండి.
చిన్నదే. మూల చోటుంది.”

విప్పిన ముడి మళ్ళీ వేశాను,
గ్యాంగులో నేర్చుకున్న ముడి, తుపానుకి ఊడదు.
దాలినాయుడు చూశాడు.
చూసి, టీ కుర్రాణ్ణి తిట్టడం మొదలెట్టాడు
పంచదార తక్కువైందని.

రెండో సగంలో ఆడపిల్లలు ఒకటే అరుపు:
పెంపా! పెంపా!
మన గోళ్ళన్నీ ఆపి మనల్ని ఓడిస్తున్నవాడు వాడే,
ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.
కొందరు పంపా అన్నారు. వాడు దానికీ చెయ్యూపాడు.

గాలికి గోనె సగం ముడుచుకుంది,
సగం ఉబ్బింది.
మావాళ్ళే అన్న ముక్కొక్కటే కనిపిస్తోంది.
అటే చూస్తున్నాను,
బంతి నా కాలి బొటనవేలి పక్కనుంచే గీత దాటింది.

ఎవరి కాలికి తగిలి పోయిందో చూడలేదు.
మావాడు చెయ్యెత్తాడు, మాది.
కొండ కుర్రాడు చెయ్యెత్తాడు, మాది.
ఇరవయ్యారేళ్ళలో మొదటిసారి
జెండా నిట్టనిలువుగా ఎత్తి నిలబడిపోయాను.
రిఫరీ మైదానం మధ్యనుంచి అరుస్తున్నాడు:
ఎటు?
ఏటి బావూ, ఎటు?